మూడో నోటుబుక్కులో పదకొండు కాగితాలు

నలభై నాలుగేళ్ల కింద ఒక అబద్ధం చెప్పాను. దాన్ని ఇన్నాళ్లూ మోశాను అని రాయబోయి ఆగాను. మోసేవాళ్లకు భుజం నొప్పి పుడుతుంది. నాకు చాలా ఏళ్లు ఏ నొప్పీ లేదు. పెళ్లి చేసుకున్నాను, ఇద్దరు పిల్లల్ని పెంచాను, బడిలో ఎక్కాలు చెప్పించాను, పట్టుపురుగులకు ఆకు వేశాను, బంధువుల ఇళ్లలో పేరంటాలకు వెళ్లి నవ్వాను. పోయిన నెల కోలారులో ఒక సభలో నాకు శాలువా కప్పారు. ఆ రోజు నుంచి అన్నం సహించడం లేదు.

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పలేకపోయాను కాబట్టే మీకు చెబుతున్నాను.

ఆమెను ఇక్కడ నాగవేణి అంటాను. అది అసలు పేరు కాదు. అసలు పేరు రాస్తే మీరు వెంటనే గుర్తుపడతారు. ఆమె నవల మీ ఇంట్లో ఒకటైనా ఉంటుంది. రెండేళ్ల కింద బెంగళూరులో చనిపోయింది. ఇరవై రెండేళ్ల వయసులో రాసిన ఆమె తొలి నవల ఈ ఏడాదే అచ్చయింది. ముందుమాటలో ఇలా ఉంది: చేతిరాత ప్రతి కేజీఎఫ్ నుంచి బేతమంగళ పోయే బస్సులో పోయింది, ఒక కండక్టరు దాన్ని ఇంటికి తీసుకుపోయి అటక మీద పడేశాడు, ఆయన పోయిన తరువాత ఎప్పుడో ఆ ఇల్లు పడగొడుతుంటే బయటపడింది, చివరికి రచయిత్రి చిన్ననాటి స్నేహితురాలి చేతికి చేరింది, మధ్యలో కొన్ని కాగితాలు మాత్రం లేవు.

ఇందులో చివరి మాట ఒక్కటే నిజం. కాగితాలు లేవు. పదకొండు. ఆ స్నేహితురాలిని నేను.

కేజీఎఫ్‌లో బంగారు గని కూలీల లైన్లలో, అంటే వరస ఇళ్లలో, మా ఇళ్లు ఎదురెదురు. రెండు కుటుంబాలూ తాతల కాలంలో కుప్పం పక్క పల్లెల నుంచి గని పనికి వచ్చినవే. మా నాయన గని లోపల మేస్త్రి. పన్నెండుమంది ఆయన కింద పనిచేసేవారు. నాగవేణి అన్న, మేమందరం శీనన్న అని పిలిచే మనిషి, వాళ్లలో ఒకడు. సన్నగా ఉండేవాడు. ఆదివారం వస్తే లైన్లలో ఉన్న సైకిళ్లన్నీ అతని ముందే ఉండేవి, బాగుచేయమని.

లోతున రాయి ఉన్నట్టుండి పగిలి పేలడాన్ని మావాళ్లు ఎయిర్ బ్లాస్ట్ అనేవారు. పేలేముందు రాయి చిటచిటమంటుందట. అనుభవం ఉన్నవాళ్లకు ఆ చప్పుడు తెలుస్తుంది. మేము పద్దెనిమిదేళ్ల పిల్లలుగా ఉన్నప్పుడు ఒకరోజు మా నాయన గ్యాంగు పనిచేసే చోట అది జరిగింది. అందరూ బయటికి వచ్చారు, శీనన్న రాలేదు. తాను వద్దని అరుస్తున్నా వినకుండా మళ్లీ లోపలికి పోయినాడు అని మా నాయన చెప్పాడు. అందరూ నమ్మారు. మేస్త్రి మాట కదా. ఆ తరువాత లైన్లలో ఏ పిల్లవాడు మొండికేసినా వాళ్లమ్మ ఒకటే మాట అనేది: "శీనని మాదిరి చేయొద్దురా." శీనన్న తల్లి కూడా ఏడుస్తూ కొడుకునే తిట్టేది. చెప్పిన మాట వినుంటే బతికేవాడు కదా అని.

నాలుగేళ్ల తరువాత నాగవేణి నవల రాసింది. నాలుగు పొడుగాటి నోటుబుక్కులు. ఆమె అక్షరాలు చీమల్లా ఉండేవి, చదవడం ఎవరికైనా కష్టమే. నాకు అలవాటైపోయింది. నా చేతిరాత బాగుంటుందని బడి రోజుల నుంచీ పేరు. అప్పటికి బేతమంగళ బడిలో తాత్కాలిక టీచరుగా చేరి రోజూ బస్సులో వెళ్లి వస్తున్నాను. ఒక సాయంత్రం నాలుగు నోటుబుక్కులూ గుడ్డసంచిలో పెట్టి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ప్రచురణకర్తకు పంపాలి, సాపుగా రాసిపెట్టు అంది. ఇంకో నకలు లేదు. అదీ చెప్పింది.

మొదటి రెండు నోటుబుక్కులూ రాసేటప్పుడు నాకెంత సంతోషమో చెప్పలేను. మా లైన్లు, మా నీళ్ల కుళాయి దగ్గర కొట్లాటలు, బంగారం తీశాక పోసిన తెల్లటి సైనైడ్ దిబ్బలు, గాలి వీస్తే అన్నంలో పడే దుమ్ము, అన్నీ ఆ కాగితాల మీద ఉన్నాయి. మనమూ పుస్తకంలో ఉండదగినవాళ్లమే అని మొదటిసారి అనిపించింది. ఆ సంతోషం నిజం. దాన్ని కూడా ఇక్కడ రాయాలి, ఎందుకంటే నేను చేసింది అజ్ఞానంతో కాదు. ఆ నవల ఎంత గొప్పదో తెలిసి చేశాను.

మూడో నోటుబుక్కు మధ్యలో ఒక అధ్యాయం వచ్చింది. అందులో ఒక మేస్త్రి ఉన్నాడు. రాయి చిటచిటమనడం విని మనుషులందరినీ వెనక్కి తీసుకొస్తాడు. అంతదూరం వచ్చాక చేతి గడియారం గుర్తుకొస్తుంది. పనిచేసేటప్పుడు విప్పి లోపల కొయ్యస్తంభానికి కొట్టిన మేకుకు తగిలించి ఉంటాడు. అందరికంటే చిన్నవాణ్ని పిలిచి, పరిగెత్తి తీసుకురా అంటాడు. ఆ కుర్రవాడు మేస్త్రి మొహం వంక ఒక్కసారి చూస్తాడు. పోతాడు. రాడు.

ఎవరు చెప్పారు ఆమెకు? గ్యాంగులో ఎవరో చెప్పి ఉంటారు. కట్టుకథ కాదా? కాదు. నాకు తెలుసు. శీనన్న పోయిన రోజు మా నాయన ఒట్టి మణికట్టుతో ఇంటికి వచ్చాడు. గడియారం ఏది నాయనా అని నేనే అడిగాను. పోయినాది అన్నాడు. ఆ తరువాత ఆయన మళ్లీ ఎప్పుడూ గడియారం పెట్టుకోలేదు. ఎవరైనా టైము అడిగితే మొహం తిప్పుకునేవాడు. నాలుగేళ్లు అది చూస్తూ నేనేమీ అనుకోలేదు. ఆ అధ్యాయం చదివిన ఒక్క గంటలో అన్నీ అర్థమయ్యాయి.

అమ్మ కుళాయి దగ్గరికి పోయింది. నేను ఆ పదకొండు కాగితాలూ కుట్టు దగ్గర నుంచి జాగ్రత్తగా చించాను. జాగ్రత్తగా అనే మాట ఎందుకు రాశానో తెలుసా? పక్క కాగితం చిరగకూడదని చూసుకున్నాను. పొయ్యిలో పెట్టాను. ఒకటి కాలేదాకా ఆగి ఇంకొకటి. తరువాత కూర్చుని ఆలోచిస్తే, చించి తిరిగి ఇవ్వడం కుదరదని తట్టింది. ఇక మొత్తం మాయం కావాలి. కానీ మొత్తం కాల్చలేకపోయాను. చేతులు రాలేదు. మిగిలిందంతా, నేను రాసిన సాపు ప్రతితో సహా, నా ట్రంకు పెట్టెలో బట్టల కింద పెట్టి తాళం వేశాను. నాలుగో నోటుబుక్కు తెరవనైనా తెరవలేదు. మూడోదానిలోనే ఇంత ఉంటే నాలుగోదానిలో మా నాయనను ఇంకెంత నరికిపెట్టి ఉంటుందో అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం నాగవేణి ఇంటికి పోయి ఏడ్చాను. మధ్యాహ్నం తీరికలో రాసుకుందామని సంచి బస్సులో తీసుకుపోయాను, దిగేటప్పుడు మరిచిపోయాను అన్నాను. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. అదే విచిత్రం.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. మరుసటి రోజు ఇద్దరం కలిసి బేతమంగళ బస్టాండుకు పోయాం. వాళ్ల చిన్నాయన, లైన్ల మనుషులు ముగ్గురు కూడా వచ్చారు. కండక్టరును దింపి చుట్టూ నిలబడ్డారు. ఆయన టికెట్ల సంచి గుడ్డ పరిచి కుమ్మరించారు. నడివయసు మనిషి. భయపడలేదు, ఆశ్చర్యపోయాడు.

"నేను సూస్తా ఉండాను కదప్పా. ఈ టీచరమ్మ నిన్న పొద్దున ఎక్కేటప్పుడు ఒక చేతిలో టిఫిన్ డబ్బా ఉండె, ఇంగో చేతిలో గొడుగు ఉండె. సంచి యాడిది?" అన్నాడు. నా వైపు తిరిగి, "నువ్వే చెప్పమ్మా. సంచి ఉండెనా?" అన్నాడు.

అందరూ నన్ను చూశారు.

"ఉండె," అన్నాను.

మేస్త్రి కూతురు, బడి టీచరు. ఎవరి మాట నిలుస్తుందో మీకు తెలుసు. ఆ బస్సు యజమాని వారం తిరగకుండా ఆయనను పనిలోంచి తీసేశాడని తరువాత విన్నాను. విని, ఆ రోజు పాఠం ఏమిటో చూసుకుని బడికి పోయాను.

తిరుగు బస్సు కోసం నేనూ నాగవేణీ రాతి బల్ల మీద కూర్చున్నాం. ఆమె అడిగింది.

"యాడిదాకా చదివినావే?"

"రెండో నోటుబుక్కు అయిపోయినాది. అంతే."

"మూడోది చూడలేదా?"

"లేదు."

"నాలుగోది?"

"అదీ లేదు."

నా మొహం వంక చూడకుండా రోడ్డు వంక చూస్తూ అంది: "అయితే కడాకు ఏమైతాదో నీకు తెలీదు."

"తెలీదు."

"కడాకు చదివుంటే బాగుండెనే," అంది. "ఇంగ పద. బస్సు వస్తా ఉండాది."

ఆమెకు తెలిసిందా? కండక్టరు మాట ఆమె విన్నది. తెలిసే ఉంటుంది. తెలిసి ఎందుకు ఊరుకుంది? ఈ ప్రశ్న నేను ఇప్పుడు వేసుకుంటున్నాను. అప్పుడు వేసుకోలేదు. అప్పుడు నాకు ఒక్కటే ఊరట, మా నాయన పేరు బయటికి రాలేదు.

ఏడాదిన్నర తిరక్కుండానే మా నాయన పడకేశాడు. గని దుమ్ము ఊపిరితిత్తుల నిండా చేరింది. కూర్చుంటే దగ్గు, పడుకుంటే ఆయాసం. నాగవేణికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. వెళ్లేముందు ఒక ఉదయం గిన్నెలో రాగి సంగటి, పైన కొంచెం చారు పోసుకుని మా గుమ్మం దగ్గరికి వచ్చింది. మామను చూసి పోతాను అంది. దెప్పడానికి వచ్చిందనుకున్నాను. ఆ మొహంలో దెప్పేది ఏమీ లేదు, అయినా అలాగే అనుకున్నాను. నిద్రపోతున్నాడని చెప్పి తలుపు సగం మూశాను. గిన్నె గడప మీద పెట్టి వెళ్లిపోయింది. లోపల నాయన మేలుకునే ఉన్నాడు. ఎవరమ్మా వచ్చినది అని అడిగాడు. ఎవరూ లేదు నాయనా అన్నాను.

ఆ ఎండాకాలమే ఆయన పోయాడు. చివరి రోజుల్లో ఏదో చెప్పబోయేవాడు. శీనడు, శీనడు అనేవాడు. మాట్లాడొద్దు నాయనా, ఆయాసం వస్తాది అని నేనే నోరు మూయించాను.

నాకు గౌనిపల్లిలో పెళ్లయింది. ట్రంకు పెట్టె నాతో వచ్చింది. నాగవేణి పెద్ద రచయిత్రి అయింది. బెంగళూరు మీద రాసింది, ఆడవాళ్ల మీద రాసింది, ఆఫీసుల మీద రాసింది. కేజీఎఫ్ మీద ఒక్క వాక్యం రాయలేదు. ఎందుకని ఎవరో అడిగితే, ఒకసారి రాసినాను, అది బస్సులో పోయినాది, రెండోసారి ఆ దుఃఖం చేతికి రాదు అని చెప్పింది. ఆ పత్రిక నేను స్టాఫ్ రూములో కూర్చుని చదివాను. పక్క టీచరు, ఈమె మీ ఊరామె కదా అంటే, అవును, మా ఎదురిల్లే అని గొప్పగా చెప్పాను.

ఆమె పోయిన తరువాత ఆమె కూతురు మా ఇంటికి వచ్చింది. మర్యాదస్తురాలు. అమ్మ చిన్ననాటి ఫోటోలు ఏవైనా ఉన్నాయా ఆంటీ అని అడిగింది. లేవన్నాను. అమ్మ చివరి రోజుల్లో మీ పేరు చెప్పింది అని కూడా అంది. ఏమి చెప్పింది అని నేను అడగలేదు. అడిగే ధైర్యం లేదు. ఆ పిల్ల వెళ్లాక ట్రంకు తెరిచాను. నలభై రెండేళ్ల తరువాత నాలుగో నోటుబుక్కు తీసి చదివాను.

కడాకు ఏమవుతుందో ఇప్పుడు నాకు తెలుసు. మేస్త్రి జబ్బుపడి ఉంటాడు. చనిపోయిన కుర్రవాడి చెల్లెలు గిన్నెలో సంగటి తీసుకుని వాళ్లింటికి పోతుంది. పక్కన కూర్చుని ముద్దలు చేసి తినిపిస్తుంది. అతను ఏడుస్తూ చెప్పబోతాడు. ఆమె అంటుంది: "నాకు తెలుసు మామా. ముందు తిను."

అంతే. నవల అక్కడ అయిపోతుంది.

ముందు పుస్తకంలో రాసుకుంది. తరువాత గిన్నె పట్టుకుని మా గుమ్మం ముందుకు వచ్చింది. నేను తలుపు మూశాను.

ఊళ్లో సాపు ప్రతి రాసేవాళ్లు ఎంతమంది లేరు? నాకే ఎందుకు ఇచ్చింది? మేస్త్రి కూతురు ముందుగా చదవాలని ఇచ్చింది. చదివి, వద్దంటే ఏమి చేసి ఉండేదో తెలియదు. నాతో ఆ మాట మాట్లాడటానికి ఆమెకు దొరికిన దారి అదొక్కటే. నేను మా నాయనను కాపాడాననుకున్నాను. కాపాడలేదు. ఆయనకు దొరకబోయిన క్షమను ఆయన నోటి దగ్గర నుంచి లాగేశాను.

ఇది తెలిసిన తరువాతైనా నిజం చెప్పవచ్చు కదా? అరవై నాలుగేళ్ల మనిషిని, ఎవరికి భయం? చెప్పలేదు. కూతురికి ఫోను చేసి, కండక్టరు ఇంటి అటక కథ అల్లి చెప్పాను. కండక్టరు పోయాడని ఎప్పుడో విన్నాను, ఎవరు వస్తారు అడగడానికి అనుకున్నాను. ఆ పిల్ల ఫోనులోనే ఏడ్చింది. మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు ఆంటీ అంది.

నాలుగు నోటుబుక్కులూ ఆ పిల్లకు పంపాను, పుస్తకం వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు. మేస్త్రి చేసిన తప్పు ఏమిటో పుస్తకంలో లేదు, క్షమ మాత్రం ఉంది. కారణం చెప్పకుండా క్షమను చూపించడం ఎంత సంయమనం, ఇరవై రెండేళ్లకే ఎంత పరిణతి అని ఒక విమర్శకుడు రాశాడు. అది ఆమె సంయమనం కాదు. మా ఇంటి పొయ్యి చేసిన పని. అంతకంటే ఘోరం ఇంకొకటి ఉంది. అంతకుముందు అధ్యాయాల్లో లైన్ల జనం అంతా కుర్రవాడు మాట వినక పోయాడనే అనుకుంటూ ఉంటారు. అది తప్పని చెప్పేది ఆ పదకొండు కాగితాలే. అన్న మీద పడిన మాట తుడవడానికి ఆమె ఆ నవల రాసింది. ఇప్పుడు అదే నవల ఆ మాటను అచ్చువేసి ఊరూరా పంచుతోంది.

పోయిన నెల కోలారు సభలో నన్ను వేదిక మీదికి పిలిచారు. సాహిత్యాన్ని కాపాడిన తల్లి అన్నారు. శాలువా కప్పారు. చేతులు జోడించాను. దిగి వస్తుంటే యాభై దాటిన మనిషి ఒకాయన మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. గోళ్లలో నల్లటి మడ్డి. బేతమంగళలో పంక్చరు షాపు నాది అని చెప్పాడు.

"ఆ బస్సు కండక్టరు మా నాయనమ్మా. మా అటకలో ఏ నోటుబుక్కులూ లేదు. మా ఇల్లు ఎవురూ పడగొట్టలేదు, ఇంగా అట్లే ఉండాది. మా నాయన సచ్చేదాకా చెప్తానే ఉండె, ఆ టీచరమ్మ చేతిలో సంచి లేదని. మీకు గ్యాపకం ఉండాదా అమ్మా?"

"గ్యాపకం లేదు నాయనా," అన్నాను. "చానా ఏండ్లయినాది కదా."

ఆయన తల ఊపాడు. కోప్పడలేదు. వెళ్లిపోయాడు. శాలువా నా భుజం మీదే ఉంది.

మూడు వారాలు ఆగాను. ఎందుకు ఆగానో అడగకండి. నలభై నాలుగేళ్లు ఆగినదానికి మూడు వారాలు ఒక లెక్కా? తరువాత బస్సెక్కి బేతమంగళ పోయాను. షాపు కనుక్కున్నాను. ఆయన నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచి చూస్తున్నాడు. నిలబడే చెప్పాను, అంతా. గడియారం, పొయ్యి, ట్రంకు, అటక. ఆయన ట్యూబు తీసి పక్కన పెట్టాడు. కూర్చోమనలేదు. తప్పయింది, క్షమించు నాయనా అన్నాను.

"మా నాయన ఉండంగా వచ్చుంటే బాగుండెనమ్మా," అన్నాడు. "ఇంగ నాకు చెప్తే ఏమొస్తాది? నాకు ముందే తెలుసు. బుక్కులో అచ్చయినాది కదా మా నాయన ఎత్తుకపోయినాడని. అచ్చులోనే చెప్పండి," అన్నాడు. బయట స్కూటరు తెచ్చినవాళ్లెవరో పిలిచారు. అటు వెళ్లిపోయాడు.

అందుకే ఇది అచ్చుకు పంపుతున్నాను. ఇంకో నకలు నాగవేణి కూతురికి పోస్టు చేశాను. జవాబు రాలేదు. రావలసిన అవసరం కూడా లేదు.

పంపేముందు ఆ పదకొండు కాగితాలనూ జ్ఞాపకం నుంచి తిరిగి రాద్దామని కూర్చున్నాను. జరిగిందంతా వచ్చింది. ఆమె వాక్యం ఒక్కటి కూడా రాలేదు. నా అందమైన చేతిరాతతో నేను రాసింది పోలీసు రిపోర్టులా ఉంది. చించేశాను. కాబట్టి మీకు మిగిలింది ఇంతే, నా మాటల్లో: శీనన్న మొండికేసి పోలేదు. మా నాయన పంపితే పోయాడు. కండక్టరు ఏమీ ఎత్తుకుపోలేదు. ఆయన చెప్పింది ప్రతి మాటా నిజం.

దీని కింద నా పేరు పెట్టలేదు. దాక్కోవడానికి కాదు అంటే అది ఇంకో అబద్ధమవుతుంది, కొంత అందుకే. పిల్లలున్నారు, మనుమలున్నారు. కానీ ఎవరైనా అడిగితే నా పేరు, ఊరు చెప్పండని సంపాదకులకు రాశాను. ఆ ఉత్తరం పొద్దున పోస్టు డబ్బాలో వేసి వచ్చి, చాలా రోజుల తరువాత కడుపునిండా అన్నం తిన్నాను. అందుకు కూడా సిగ్గుగానే ఉంది. ఎవరైనా అడుగుతారేమోనని భయంగా ఉంది. ఎవరూ అడగరేమోనని అంతకంటే భయంగా ఉంది.